ఎదిగిన రక్తం

పీపాలు కడిగే పని గురించి ఎవరూ రాయరు. రాసేవాళ్ళకి ఆ పని తెలియదు, తెలిసినవాళ్ళకి రాయడం రాదు. మందుల కంపెనీల్లోంచి ఖాళీ పీపాలు లారీల మీద వస్తాయి. ఖాళీ అని పేరే. అడుగున గ్లాసుడో చెంబెడో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని పారబోసి, తల లోపలికి పెట్టి, కొబ్బరి పీచుతో అడుగు గోకి, సోడా నీళ్ళతో కడిగి ఎండబెడితే పీపా మళ్ళీ కొత్తదవుతుంది. పెళ్ళివారి నీళ్ళకీ, మేస్త్రీల సిమెంటు పనికీ ఎక్కడెక్కడికో పోతుంది. అందులో తల పెట్టిన మనిషి మాత్రం మళ్ళీ కొత్తది కాదు.

దాలమ్మ పందొమ్మిదేళ్ళు తల పెట్టింది.

"సంపెంగి పువ్వు కుల్లినట్టు తియ్యగుంటాదే వాసన. అలవాటైపోనాక బాగానే ఉంటాది" అని చెల్లెలు నూకరత్నంతో అనేది. ఆ తీపి పేరు బెంజీను అని రత్నానికి లాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏట తెలిసింది. ఎముకల మూలుగలో, రక్తం పుట్టే చోటే, అది దెబ్బ కొడుతుందనీ తెలిసింది. ఆ రోజే ఇంటికొచ్చి పని మానెయ్యమంది.

"మానేత్తే నీ సదువో?" అంది దాలమ్మ.

అంతే. చదువూ ఆగలేదు, పీపాలూ ఆగలేదు.

చదువైపోయాక రత్నం పట్నం శివార్లలోని ఒక రక్తవ్యాధుల పరిశోధనశాలలో చేరింది. గాజుపలక మీద రక్తపు చుక్కని పూతలా లాగి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద నూరు తెల్లకణాలు లెక్కపెట్టి, ఏ రకానివి ఎన్నున్నాయో చెప్పడం ఆమె పని. యంత్రాలున్నాయి. కానీ యంత్రం తికమకపడ్డ ప్రతిసారీ డాక్టర్ మంజరి "రత్నాన్ని చూడమనండి" అనేది.

అక్క నీరసపడి, చిగుళ్ళనుంచి రక్తం కారుతోందని వచ్చినప్పుడు ఆ స్లైడు కూడా రత్నమే చూసింది. నూటికి డెబ్భైరెండు పసికణాలు. వాటి కడుపులో అక్కడక్కడా ఎర్రని సూదుల్లాంటి పుల్లలు. ల్యుకేమియా అనే రక్తపు కాన్సరు కణాలకి తప్ప ఇంక వేటికీ ఉండని గుర్తు అది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. డెబ్భైరెండే.

తెల్లకణం పుట్టగానే దేనికీ పనికిరాదు. ఎదగాలి. ఎదిగాకే క్రిమితో కొట్లాడుతుంది, వయసైపోయి చస్తుంది. ఈ జబ్బులో కణాలు పుడతాయి, ఎదగవు, చావవు, చోటంతా ఆక్రమించుకుని కూర్చుంటాయి. పాత మందులు వాటిని చంపేవి, వాటితో పాటు మనిషినీ సగం చంపేవి. మంజరి పదకొండేళ్ళు తలబద్దలు కొట్టుకుని చేసిన మందు చంపదు. పసికణం లోపల ఎదుగుదలకి అడ్డంగా పడ్డ గొళ్ళేన్ని వెతికి తీస్తుంది. ఆ గొళ్ళెం జబ్బు కణాల్లోనే ఉంటుంది కాబట్టి మంచివాటి జోలికి పోదు. గొళ్ళెం ఊడాక కణం తన దారిన తాను పెద్దదవుతుంది. తరవాత చావడం దాని పని.

మందు మింగేది కాదు, జబ్బకి అంటించే పట్టీ. అరచేతిలో సగం ఉంటుంది. అడుగున వెంట్రుకకన్నా సన్నని సూదులు. గంటకోసారి రక్తం రుచి చూసి, ఎదగనివి ఎన్ని, ఎదిగినవి ఎన్ని అని పోల్చి, ఎంత మందు వదలాలో పట్టీయే తేల్చుకుంటుంది. పన్నెండుమంది మీద మొదటి ప్రయోగం. ఏడో మనిషి దాలమ్మ.

"ఇంతేనా? సెలైన్లూ గట్రా ఏటీ లేవా?" అంది దాలమ్మ, పట్టీని వేలితో నొక్కి చూసుకుంటూ.

"ఇంతేనమ్మా. మీ రక్తంలో పిల్లలు ఎదగడం లేదు. ఇది ఎదిగిస్తుంది" అంది మంజరి.

"ఎదిగించడం నాకు సెప్పకమ్మా. దీన్ని నానే ఎదిగించినాను." దాలమ్మ చెల్లెలి వీపు మీద ఒక్కటి వేసింది. "అన్నం ఎట్టితే ఎదిగిందనుకున్నావా? తన్నితే ఎదిగింది."

పక్క బెంచీ మీద తన వంతుకోసం కూర్చున్న పోలమ్మ పడీపడీ నవ్వింది. రత్నం తలొంచుకుని రక్తం తీసిన గొట్టాల మీద పేర్లు రాసుకుంది.

*

పట్టీలు అంటించడానికి వారం ముందు ప్రశ్నల కాగితం మీద మీటింగు జరిగింది. పట్టీ కణాల్ని చూస్తుంది గానీ మనిషిని చూడదు. అందుకని రోజూ సాయంత్రం ఫోనులో ఒక గొంతు రోగిని కొన్ని ప్రశ్నలు అడగాలి. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కాలి. ఇంగ్లీషు ప్రశ్నల్ని ఎవరో తెలుగు చేసి పంపారు. ఆ తెలుగు చదివితే ఆరోగ్యంగా ఉన్నవాడికి జ్వరం వస్తుంది. "శరీర భారమునందు ఆకస్మిక వృద్ధి గమనించితిరా" అని ఉంది ఒకచోట. రత్నం ఫక్కున నవ్వింది.

"ఏమైంది?" అంది మంజరి.

"బరువు పెరిగిందా అని అడుగుతున్నారు మేడమ్. మా పీపాల పేటలో ఈ మాటంటే ముఖం మీదే నవ్వుతారు. చిక్కిపోతున్నామని ఆసుపత్రికి వస్తారు గానీ, ఒళ్ళు చేసిందని ఎవరైనా వస్తారా? ఒక్కదానికి నవ్వితే మిగతావన్నీ నవ్వులాటే."

మంజరి కలం చివర కొరుకుతూ ఆలోచించింది. "ఇలాంటి పాత మందులు ఒకటి రెండింటికి ఆ గొడవ ఉండేది. ఒంట్లో నీరు చేరేది. మనకి ఎలకల్లో అయితే కనపడలేదు. సరే, మీవాళ్ళ సంగతి నీకే తెలుసు. ఎలా అడగాలో నువ్వే రాయి."

రత్నం రాసింది. ఐదు ప్రశ్నలు, ఐదూ మనుషులు మాట్లాడుకునే మాటల్లో. చిక్కిపోయారా అని రాసింది. ఆయాసం వస్తోందా అని రాసింది. బరువు పెరిగిందా అన్నదాన్ని అడ్డంగా కొట్టేసింది. సాయంత్రం బస్సులో నిలబడి వెళ్తూ తనని తానే మెచ్చుకుంది. కోటు వేసుకున్నవాళ్ళెవరికీ తన జనం మాట తెలియదు, తనకి తెలుసు. గర్వపడాల్సిన సంగతే. కానీ జనం మాట తెలిసినంత మాత్రాన జబ్బు మాట తెలిసినట్టు కాదు.

*

ఐదో రోజుకి పసికణాలు యాభైఎనిమిదికి దిగాయి. తొమ్మిదో రోజుకి ముప్ఫైఒకటి.

ఆ తొమ్మిదో రోజు స్లైడు మీద రత్నం అంతవరకూ పుస్తకంలో బొమ్మగా తప్ప చూడనిది చూసింది. పసికణం కడుపులో గుండ్రంగా నిండిపోయి ఉండే కేంద్రకం మెల్లగా నడుం వంచుతోంది. కొన్నింట్లో చిక్కుడు గింజలా ఒంగింది. కొన్నింట్లో రెండు ముక్కలూ మూడు ముక్కలూ అయి, మధ్యన దారంతో కుట్టినట్టుంది. ఎదుగుతున్నాయి. నిజంగా ఎదుగుతున్నాయి.

"మేడమ్" అని మాత్రం అనగలిగింది.

మంజరి రెండో కంటిగొట్టం దగ్గర వాలి చాలాసేపు చూసింది. లేచేసరికి కళ్ళద్దాలు మసకబారి ఉన్నాయి. "పదకొండేళ్ళు రత్నం" అంది. "పిల్లల్ని కనలేదని మా అత్తగారు దెప్పిన పదకొండేళ్ళు."

గోడ మీద తెరలో పన్నెండు పేర్లూ పన్నెండు దీపాలూ. దాలమ్మ పేరు పక్కన పచ్చ దీపం అన్నింటికన్నా నిండుగా వెలుగుతోంది.

ఆదివారం, పదకొండో రోజు, రత్నం వంజరం చేప పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది. ఇంటికి తాళం వేసి ఉంది. పీపాలు కడిగే యార్డులోంచి కేకలు వినపడుతున్నాయి. లోపలికి వెళ్తే దాలమ్మ తుక్కు తూచే పెద్ద కాటా మీద నిలబడి ఉంది. చుట్టూ పీపాల ఆడవాళ్ళు. దాలమ్మ మొగుడు సన్యాసి ముల్లు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నలభైమూడు!" అని అరిచాడు.

"ఓలమ్మో, పదిరోజుల్లో ఐదు కిలోలే!" అసిరమ్మ చప్పట్లు చరిచింది. అసిరమ్మది పక్క పీపా. పదిహేనేళ్ళనుంచి ఇద్దరూ ఎదురెదురుగా వంగి పని చేస్తున్నారు. "నాను అమ్మోరికి మొక్కీసినాను సన్నాసీ. ఇది లేసి తిరిగితే దీని ఎత్తు బెల్లం ఇత్తానన్నాను."

"తొందరపడి మొక్కీసినావు. ఇది ఇలగ ఒల్లు సేత్తే అనకాపల్లి మార్కెట్టు బెల్లమంతా తెచ్చినా సాలదు" అన్నాడు సన్యాసి.

"నీ కల్లు పడతాయిరా, దిష్టి తియ్యాల!"

దాలమ్మ కాటా దిగింది. బుగ్గలు నిండాయి. నుదుటి మీద ముడతలు పోయి పదేళ్ళు తగ్గినట్టుంది. రత్నాన్ని చూసి కాలు చాపింది. "ఇలగ సూడే, మెట్టెలు బిగిసిపోనాయి. సబ్బు రాసి లాగితే గానీ రానేదు. పెల్లయినప్పుడు వదులైపోతన్నాయని దారం సుట్టుకున్నవి!"

రత్నం ఆ వేళ్ళు చూసింది. కాలి వేళ్ళ మీద మెట్టెలు తీసిన చోట గాడి పడి, ఎంతసేపటికీ పూడకుండా ఉంది. చూసింది, చూసి నవ్వింది. తన జీవితంలో అక్క వేళ్ళు అలా నిండుగా ఎప్పుడూ చూడలేదు. తానే వెళ్ళి కాటా ఎక్కమంటే మళ్ళీ ఎక్కింది దాలమ్మ. మళ్ళీ నలభైమూడే. మళ్ళీ చప్పట్లు.

సాయంత్రం చేపల పులుసు ఉడుకుతుండగా ఫోను మోగింది. రత్నం రాసిన ప్రశ్నలు రత్నానికే వినపడుతుంటే అదోలా ఉంది. జ్వరం వచ్చిందా? రెండు. ఎక్కడైనా రక్తం కారిందా? రెండు. చిక్కిపోయారా? దాలమ్మ నవ్వుతూ రెండు నొక్కింది. తిండి సయిస్తోందా? ఒకటి. ఆయాసం వస్తోందా? రెండు.

"నిజం సెప్పప్పా. మెట్లెక్కినప్పుడు రొప్పినావు" అంది రత్నం అక్కతో.

"పీపాలో తలెట్టిన్నాటి నుండీ ఉన్నదే గదే. కొత్తగా వొచ్చిందేటి?"

రత్నం గరిటె తిప్పింది. అదీ నిజమే అనిపించింది.

*

పదిహేనో రోజు గురువారం మంజరి హైదరాబాదు వెళ్ళింది, కంపెనీవాళ్ళకి ఆ పచ్చదీపాలు చూపించడానికి. పదహారో రోజు దాలమ్మకి జ్వరం. శనివారం పొద్దున్న సన్యాసి ఆమెని ఆటోలో కూర్చోబెట్టుకుని పరిశోధనశాల ఆసుపత్రికి తెచ్చాడు. నిలబడలేకపోతోందని నేరుగా మంచం మీద పడుకోబెట్టారు. కాబట్టి తూచలేదు.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసే రకం.

"తిండి ఎలా ఉంది?"

"బెమ్మాండంగా తింతన్నాది బాబూ. ఒల్లు కూడా సేసింది" అన్నాడు సన్యాసి.

డాక్టరు తలూపి రాసుకున్నాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు దూది పరిచినట్టు తెల్లగా ఉన్నాయి. జ్వరం, దగ్గు, తెల్లటి ఊపిరితిత్తులు. ల్యుకేమియా మనిషి. ఎవరైనా న్యుమోనియా అనే అంటారు. పెద్ద యాంటీబయాటిక్కు మొదలుపెట్టాడు. తెల్లకణాలు ఒక్కసారిగా అరవైవేలకి ఎగబాకాయంటే, "క్రిమి వస్తే పెరుగుతాయి కదా" అన్నాడు.

రత్నం కూడా అదే అనుకుంది. ఈ మాట ఆమె తరవాత ఎవరి దగ్గరా దాచలేదు. శనివారం స్లైడు చూసింది, పసికణాలు తొమ్మిది. ఆదివారం చూసింది, నాలుగు. పసివాటిని లెక్కపెట్టడం ఆమె పని. పసివాటినే వెతికే కంటికి ఎదిగినవి గడ్డిలా కనపడతాయి, పక్కకి నెట్టుకుంటూ పోతుంది. నాలుగు అని రాసి, పైకి వెళ్ళి అక్క చెవిలో చెప్పింది.

"నాలుగేనప్పా. అయిపోయింది. జొరం తగ్గితే ఇంటికే."

దాలమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగింది. ఒక్కో మాటకీ ఊపిరి తెచ్చుకుని అంది. "మరి... నీల్లలో... ముంచినట్టుంటాదేటే?"

రత్నం మాస్కు సర్ది, దుప్పటి కప్పి కిందికి వచ్చేసింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మళ్ళీ స్లైడు పెట్టింది. పసికణాలు ఒకటి. ఇక లెక్కపెట్టడానికేమీ లేదు. ఊరికే, చెయ్యి ఆగక, ఎదిగిన కణాల్లో ఒకదాన్ని అద్దం మధ్యకి తెచ్చింది. నిండుగా ఎదిగిన కణం. మూడు తునకల కేంద్రకం. పుస్తకంలో బొమ్మ గీయడానికి పనికొచ్చేంత అందంగా ఉంది. దాని కడుపులో ఎర్రని సూది.

రత్నం కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇంకో కణం. దానిలోనూ సూది. ఇంకోటి. రెండు సూదులు.

ఎదిగిన మంచికణంలో ఆ సూది ఉండదు. ఇవి క్రిమి మీదికి యుద్ధానికి వచ్చిన కణాలు కావు. మొన్నటి పసికణాలే, జబ్బు కణాలే, అన్నీ కట్టగట్టుకుని పెద్దవయ్యాయి. పెద్దయిన తెల్లకణం రక్తంలో కూర్చోదు. గోడ దాటుకుని ఒంట్లోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొట్లాడటానికి ఏదైనా ఉందేమోనని వెతుక్కుంటుంది. ఏడాదికి వెయ్యిమంది పాసయ్యే చోట ఒక్క రోజులో లక్షమందికి పట్టాలిచ్చి రోడ్డు మీదికి తోలితే ఏమవుతుంది? పని లేదు. శత్రువు లేడు. గుమ్మాలు పగలగొడతారు. గోడలు కారతాయి, నీరు చేరుతుంది, ఒళ్ళు పొంగుతుంది. పొంగిన ఒంటిని కాటా మీద నిలబెట్టి చప్పట్లు కొడతారు.

పట్టీ మాత్రం గంటగంటకీ రక్తం రుచి చూసి, ఎదిగినవి పెరుగుతున్నాయి భేష్ అనుకుని, ఇంకాస్త మందు వదులుతోంది. కార్బైడు కింద పెట్టిన మామిడికాయ ఎంత పండాక చాలో కార్బైడుకి తెలుసా?

రత్నం మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఎవర్నీ అడగకుండా అక్క జబ్బ మీద పట్టీ పీకేసింది. కుర్ర డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారు? ప్రయోగంలో ఉన్న మనిషి!"

"ఇది న్యుమోనియా కాదు సార్. మందే. డెక్సా ఇంజెక్షన్ ఇవ్వండి, ఇప్పుడే."

"క్రిమి ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే చచ్చిపోతుంది. కల్చరు రిపోర్టు సాయంత్రానికి వస్తుంది."

"క్రిమి లేదు! నేను చూశాను. మా అక్క రక్తమే మా అక్కని ముంచుతోంది."

అతని కళ్ళలో భయం కనపడింది. తప్పు చేస్తానేమోనన్న భయం. ఆ భయాన్ని తిట్టి లాభం లేదు. రత్నం హైదరాబాదుకి ఫోను కలిపింది. మీటింగులో ఉన్నారు అన్నారు. మళ్ళీ కలిపింది. పదకొండో సారికి, పన్నెండు దాటాక, మంజరి ఎత్తింది. ఎదిగిన కణాల్లో సూదులున్నాయని చెప్పింది.

"బరువు?" అంది మంజరి. "రత్నం, బరువు ఎంత పెరిగింది?"

రత్నం నోరు తెరిచింది. నలభైమూడు అన్న సన్యాసి కేక చెవుల్లో మోగింది. "పదకొండో రోజుకే ఐదు కిలోలు మేడమ్. తరవాత ఎవరూ తూచలేదు. అందరం... సంతోషించాం."

మంజరి ఫోనులో చెబితే డెక్సా ఇంజెక్షన్ ఒంటిగంటకి పడింది. శనివారం పడాల్సింది.

మంగళవారం పొద్దున్న పదకొండు దాటాక దాలమ్మ చనిపోయింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. చెయ్యి రత్నం చేతిలోనే ఉంది. ఉబ్బిన చెయ్యి, తెలియనివాళ్ళు చూస్తే తిని పెరిగిన చెయ్యి అనుకుంటారు.

ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్ళు ఆ పొద్దున్నే కింద లాబ్‌కి వచ్చి ఉన్నాయి. చదివేవాళ్ళు ఇంకెవరూ లేరు. రత్నం కూర్చుంది. రంగు వేసింది. లెక్కపెట్టింది. వేలి కింద లెక్క మిషను టకటకమంటూనే ఉంది. నూటికి నూరు ఎదిగినవే. సూదులు సూదులుగా. ఒక్క పసికణం లేదు.

సాయంత్రానికి కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఏడో రోగి రక్తంలో జబ్బు పూర్తిగా పోయినందుకు సంతోషిస్తున్నామనీ, న్యుమోనియా వల్ల జరిగిన మరణానికి విచారిస్తున్నామనీ, ఆ సూదుల స్లైడుకి మంచి ఫొటో తీసి పంపమనీ రాశారు.

*

మంజరి రాత్రి రైలెక్కి తెల్లారేసరికి దిగింది. రత్నం లాబ్ మెట్ల మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కనే కూర్చుంది.

"ఆ ప్రశ్న నేను కొట్టేశాను" అంది రత్నం.

"కొట్టెయ్యనిచ్చింది నేను. అదీగాక, ఎదిగినవాటికి ఎక్కడ ఆగాలో పట్టీకి చెప్పనిది నేను. ఏడుపు తరవాత పంచుకుందాం." మంజరి సంచిలోంచి కాగితాలూ డెక్సా మాత్రల అట్టలూ తీసింది. "పదకొండుమంది ఉన్నారు. పట్టీలు దూరం నుంచి ఆపే మీట కంపెనీ దగ్గర ఉంది. ఆపమన్నాను. శుక్రవారం కమిటీ కూర్చుంటుందట."

"శుక్రవారం దాకా పట్టీలు కూర్చుంటాయా?"

"కూర్చోవు. అందుకే అందరికీ ఫోను చేశాను. ఏడుగురు వస్తున్నారు. నలుగురు నమ్మలేదు. బాగవుతుంటే ఎందుకు తీస్తామన్నారు. ఒకాయన నన్నే తిట్టాడు, డబ్బున్నవాళ్ళకి ఇద్దామని మాది పీకేస్తున్నారా అని." ఒక కాగితం మీద తన పేరుతో రాసి సంతకం పెట్టింది. పట్టీ తీసెయ్యమన్నది, ఈ మాత్రలు వెయ్యమన్నది నేనే అని. ఆ సంతకంతో తన పదకొండేళ్ళు పోతాయని ఆమెకి తెలుసు. "నలుగురూ మీ వైపు పేటల్లోనే ఉన్నారు. నేను వెళ్తే తలుపు తియ్యరు. కానీ ఇవాళ నిన్ను అడగలేను."

రత్నం కాగితమూ మాత్రల అట్టలూ తీసుకుని పేటకి బస్సెక్కింది.

యార్డులో పని ఆపేశారు. పీపాలు ఎక్కడివక్కడ బోర్లించి ఉన్నాయి. దాలమ్మని గుమ్మం ముందు పడుకోబెట్టారు. అసిరమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని పసుపు రాస్తోంది, రాసిందే రాస్తోంది. విజయనగరం నుంచి రావలసినవాళ్ళు పదింటికి వస్తారు, రాగానే ఎత్తుతారు. సన్యాసి గోడకి ఆనుకుని ఉన్నాడు. రత్నాన్ని చూసి పక్కన చోటిచ్చాడు.

"మందు పని సెయ్యనేదా రత్నం?" అన్నాడు.

లేదు అంటే సరిపోయేది. లేదు బావా, పనిచెయ్యలేదు, మన ఖర్మ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రత్నం మింగేసింది.

"పని సేసింది బావా. బాగా సేసింది. అప్ప రక్తంలో జబ్బు సుక్క కూడా నేదు."

సన్యాసి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు కొంతసేపు నేల చూశాడు.

"పని సేత్తే మరి మనిసేదే?"

రత్నం చెప్పింది. సూదుల సంగతి, నీళ్ళ సంగతి, పట్టీ సంగతి. కాటా ముందు తానూ నవ్విన సంగతి. ఫోను ప్రశ్నలు రాసిందీ తనే, బరువు ప్రశ్న కొట్టేసిందీ తనే అని చెప్పింది. చెబుతున్నంతసేపూ అసిరమ్మ పసుపు రాస్తున్న చెయ్యి కదలలేదు.

సన్యాసి తిట్టలేదు. తిడితే బాగుండేది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సప్పట్లు కొట్టింది నాను గదా" అన్నాడు. "నువ్వొక్కదానివే మోసీకు." అప్పుడు రత్నం ఒళ్ళో ఉన్న మాత్రల అట్టలు చూశాడు. "అయ్యేటి?"

"మిగిలినోలికి. నలుగురున్నారు. పట్టీ తియ్యమంటే తియ్యట్లేదు."

"ఎవులెవులు?"

"అందర్లోకీ దగ్గిర పోలమ్మ. ఉప్పుకయ్యల కాడ. అప్పతోపాటే పట్టీ ఏసినారు."

"మరీడ కూకున్నావేటి?"

"అప్పని..." అంది రత్నం. "అప్పని ఎత్తినాక ఎల్తాను. ఒక గంటే గదా బావా."

"గంటకోపాలి సూదులేత్తాదన్నావు గదే అది!" సన్యాసి లేచి నిలబడ్డాడు. ఊరంతటికీ వినపడేలా అరిచాడు. "దీనికి నువ్వేటి సేత్తావింక? మట్టి మేమేత్తాం. అదుంటే నిన్నీపాటికి తన్ని తోలేసును. లెగు!"

అసిరమ్మ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుని, రత్నం రెక్క పట్టుకుని లేపింది. రత్నం అక్క పాదాలు ముట్టుకుంది. వాపు కాస్త దిగింది. ఎవరో మెట్టెలు మళ్ళీ తొడిగారు. ఇంకాసేపు ముట్టుకునేదే, సన్యాసి చంటిపిల్లాడిలా ఏడుస్తూనే "లెగు, లెగు" అంటున్నాడు. లేచి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

ఉప్పు పండే ఆ కయ్యల దాకా మూడు కిలోమీటర్లు. ఆటో దొరకలేదు. సగం నడిచి, సగం పరిగెత్తింది. వెనకనుంచి డప్పు మొదలైంది. గాలి ఇటు వీచినప్పుడు బాగా వినపడింది, అటు వీచినప్పుడు ఆగింది. మలుపు తిరిగాక ఇక వినపడలేదు.

పోలమ్మ వాకిట్లో నీడన పీట వేసుకుని రొయ్యపొట్టు చెరుగుతోంది. నాలుగు విసుర్లు విసరడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ నాలుగు విసుర్లు. మనిషిని చూడగానే గుర్తుపట్టింది. ముఖమంతా నిండుగా నవ్వింది.

"ఓలే, నువ్వు దాలమ్మ సెల్లివి గదేటి! ఫోనులో మేడంగారితో సెప్పీసినాను, నాను బాగున్నాను, నా పట్టీ నాను తియ్యనని. రా, కూకో. ఎండనపడి వొచ్చినావు."

రత్నం కూర్చోలేదు. ఆమె ముందు మోకాళ్ళ మీద వాలి, రవిక చెయ్యి పైకి మడిచి, పట్టీ అంచు గోటితో పట్టుకుంది. పోలమ్మ కంగారుగా చెయ్యి లాక్కోబోయింది. లాక్కోలేదు. రత్నం ముఖంలో ఏం కనపడిందో, చాట నెమ్మదిగా కింద పెట్టింది.

"దాలమ్మ ఎలగున్నాదే?"

"ముందు ఇది తియ్యనీ అత్తా" అంది రత్నం. "సెప్తాను."